సంచికి సీటు బెల్టు

చలికాలం వస్తే శనివారం రాత్రి మా విశాఖ అపార్ట్‌మెంట్లో సగం మందికి నిద్రుండదు. తెల్లారేలోపు వంజంగి కొండెక్కి మబ్బులు చూడాలి. పోయిన డిసెంబరులో ఒకే రాత్రి మా సెల్లారు నుంచి నాలుగు కార్లు అక్కడికే పోయాయి. నాలుగింట్లోనూ కలిపి తొమ్మిది మందిమి. కొండ కింద పార్కింగ్‌లో ఎదురుపడి, "అరె, మీరూ వచ్చారా!" అని నవ్వుకున్నాం. సిగ్గుపడాల్సిన చోట నవ్వుకున్నాం.

యాప్ లేక కాదు. బ్లాబ్లాకార్ మన దేశానికి 2015లోనే వచ్చింది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నింటికి, ఎన్ని సీట్లు ఖాళీ అని పెడితే చాలు, అటే పోయేవాళ్లు ఖర్చు పంచుకుంటారు. మనిషి ఎంత మాటకారో ఒక బ్లా, రెండు బ్లాలు, మూడు బ్లాలతో చెప్పుకోవడం నుంచే ఆ పేరు పుట్టిందట. మేమూ ఫోన్లలో వేసుకున్నాం. బ్లాలు ఎవడు చూశాడు? మేం వెతికింది ఇంటిపేరు. ఎవరి తాలూకు, మనవాళ్లేనా?

ఆడపిల్ల తెలియని కారెక్కడానికి జంకడం వేరు, అది నిజమైన భయం. దాన్ని మగాళ్లం మా సాకు చేసుకున్నాం. తెల్లబోర్డు బండిలో డబ్బులు తీసుకుంటే పట్టుకుంటారన్నది ఇంకో సాకు. తీసుకోకుండా ఎక్కించుకోవచ్చని ఒక్కరికీ తోచలేదు.

ముక్కూమొహం తెలియనివాళ్ల సంగతి సరే, పక్క ఫ్లాటు వాళ్లనైనా పిలిచామా? ఆ శుక్రవారం నేనే గ్రూపులో "వంజంగి వెళ్తున్నాం, రెండు సీట్లున్నాయి" అని టైపు చేసి చెరిపేశాను. వాళ్ల పిల్లాడికి ఘాట్లో వాంతులైతే? పెట్రోలు డబ్బులడిగితే పిసినారి అనుకోరూ?

తిరిగొస్తుంటే పాడేరు ఘాట్లో మా ముందు ఓ కమాండర్ జీపు. లోపల ఒకరి ఒళ్లో ఒకరు, వెనక నలుగురు వేలాడుతూ, పైన బస్తాలు. మలుపులో ఒక ముసలామె చెయ్యెత్తితే ఆ జీపే ఆగింది. జనం ఇంకా సర్దుకుని ఆమెను లోపలికి లాక్కున్నారు. "ఇంతమందిని ఎక్కిస్తే ఎలా?" అని విసుక్కుంటూ నేను పక్కనుంచి దాటేశాను.

మా ఆవిడ వెనక సీట్లో కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. ముందు సీట్లో దుప్పట్లూ ఫ్లాస్కూ కుక్కిన సంచి. ఆ బరువుకి ఎవరో కూర్చున్నారనుకుని కారు ఒకటే కీచుమంటోంది. చివరికి పక్కకి ఆపి, సంచికి బెల్టు పెట్టాను.