హాజరు పట్టీలో పేరుంటే చాలదు

తెలుగునాట ఏ ఉన్నత పాఠశాలలోనైనా ఉదయపు ప్రార్థన సమావేశంలో పిల్లలు కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. దేశవాసులందరినీ తోబుట్టువులుగా భావిస్తామని మాట ఇస్తారు. దేశమంతటా బడులలో వినిపించే ఆ ప్రతిజ్ఞను 1962లో రచించినవారు నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. అప్పుడాయన విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తున్నారు. ఒక తెలుగువాని కలం నుండి వెలువడిన ఆ మాట ఉదయం ఎంత గంభీరంగా పలుకుతుందో, మధ్యాహ్న భోజన విరామంలోనూ, ఆటల పీరియడులోనూ, వార్షికోత్సవ వేదికపైనా అంత నిజంగా నిలుస్తున్నదా? ఈ నెల మేము పాఠకుల ముందుంచుతున్న ప్రశ్న ఇదే.

విద్య అనగానే మన సమాజంలో చర్చ ప్రవేశాలు, ఫీజులు, ఉపకార వేతనాలు, రిజర్వేషన్ల చుట్టూ తిరుగుతుంది. అవి అత్యవసరమైన విషయాలే. వాటికోసం ఈ పత్రిక చేస్తున్న వాదన ఇకముందూ సాగుతుంది. కానీ బడిలో చేరిన పిల్లలు అక్కడ ఎలా బతుకుతున్నారన్న విషయం ఆ చర్చలో ఎక్కడా కనిపించదు. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగోవంతు మంది బడి ముఖమే చూడలేదని లేదా మధ్యలోనే మానుకున్నారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. దానికి పేదరికం పెద్ద కారణమన్నది నిర్వివాదం. అయితే ఒకే వీధిలో, ఒకే రాబడితో బతికే రెండు ఇళ్లలో ఒక పిల్లవాడు పదవ తరగతి దాటుతాడు, మరొకడు ఎనిమిదితో ఆగి మెకానిక్ షెడ్డులో చేరతాడు. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం ఇచ్చే భరోసా 14 ఏళ్లతో ముగుస్తుంది. ఆ తరువాత తొమ్మిది, పది తరగతులలో బిడ్డను నిలిపి ఉంచేది చట్టం కాదు, బడితో పెనవేసుకున్న బంధం. కబడ్డీ జట్టులో ఒక చోటు, బెంచీపై పక్కన కూర్చునే ఒక స్నేహితుడు, పేరు పెట్టి ఆప్యాయంగా పిలిచే ఒక ఉపాధ్యాయుడు ఉంటే బిడ్డ కష్టకాలంలోనూ బడిని వదలడు. ఇవేవీ లేనివానికి బడి మానడం పెద్ద నష్టంగా తోచదు.

ఈ బంధాన్ని తెంపేవి సాధారణంగా ఉత్తర్వులు కావు, చిన్న చిన్న మాటలు. క్రికెట్ మ్యాచ్ మరునాడు తరగతిలో వినిపించే ఎగతాళి ఒకటి. భోజన విరామంలో టిఫిన్ డబ్బా తెరిచేసరికి పక్కవారు దూరం జరగడం మరొకటి. భిన్నత్వంలో ఏకత్వం పేరుతో వేసే నాటికలో టోపీ పెట్టి నిలబెట్టే పాత్ర తప్ప, కథానాయకుని పాత్రకు ఆ పిల్లవాని పేరే తట్టకపోవడం ఇంకొకటి. వీటిలో ఏ ఒక్కటీ ఫిర్యాదు పత్రంలో రాయదగినంత పెద్దదిగా కనిపించదు. అందువల్లనే ఇవి ఏళ్ల తరబడి సాగుతాయి. ఇలాంటి మాటలు విన్న బిడ్డ ఇంటికి వచ్చి ఏమీ చెప్పడు. ఆటలకు వెళ్లడం మానేస్తాడు, ఆ తరువాత బడికి.

చిన్న విషయాలను సకాలంలో సరిదిద్దకపోతే అవి ఎక్కడికి దారితీస్తాయో పొరుగు రాష్ట్రం చూపించింది. 2021 చివరలో ఉడుపిలోని ఒక ప్రభుత్వ ప్రీ యూనివర్సిటీ కళాశాలలో హిజాబ్ ధరించిన విద్యార్థినులను తరగతిలోకి రానివ్వకపోవడంతో వివాదం మొదలైంది. 2022 ఫిబ్రవరి నాటికి అది కర్ణాటకలోని అనేక ప్రాంగణాలకు పాకింది. నిన్నటిదాకా నోట్సు పంచుకున్న విద్యార్థులు హిజాబులు, కాషాయ కండువాలుగా విడిపోయి ఎదురెదురుగా నిలిచారు. మార్చి 15న హైకోర్టు నిషేధాన్ని సమర్థించింది. అదే ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చి, తగిన ధర్మాసనం ఏర్పాటుకు విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. హక్కుల వాదన న్యాయస్థానంలో సాగవలసిందే. కానీ ఆ ఏడాది చెడిన స్నేహాలను ఏ తీర్పూ తిరిగి అతికించలేదు.

రాజ్యాంగం ఈ విషయంలో మౌనంగా లేదు. ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు పొందే ఏ విద్యాసంస్థలోనైనా, సమ్మతి లేనిదే ఎవరినీ మతబోధనకు గాని ఆరాధనకు గాని హాజరు కమ్మని బలవంతపెట్టరాదని 28వ అధికరణంలోని మూడవ నిబంధన చెబుతోంది. మైనరుల విషయంలో ఆ సమ్మతి సంరక్షకులది. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే స్ఫూర్తిని నిలబెట్టింది. జాతీయగీతం ఆలపించే వేళ గౌరవంగా లేచి నిలబడి, తమ విశ్వాసం కారణంగా గొంతు కలపనందుకు కేరళలో ముగ్గురు పిల్లలను బడినుండి తొలగించగా, ఆ తొలగింపు చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ పిల్లలు యెహోవా సాక్షులు. వారికి దక్కిన రక్షణ ఏ విశ్వాసానికి చెందిన బిడ్డకైనా దక్కవలసిందే.

అయితే ఈ అధికరణం ఆరాధన నుండి తప్పుకొనే హక్కునిస్తుందే కాని, బడి జీవితం నుండి తప్పుకొమ్మని చెప్పదు. ఈ భేదాన్ని మన కుటుంబాలు గుర్తించాలని మా విన్నపం. పూజలో పాల్గొనకపోవడం విశ్వాసానికి సంబంధించిన విషయం. పరుగుపందెం, వక్తృత్వ పోటీ, విజ్ఞాన ప్రదర్శన, ఎన్‌సీసీ కవాతు అలాంటివి కావు. వార్షికోత్సవం అనగానే బిడ్డను ఇంట్లో ఉంచేసుకోవడం, విహారయాత్ర అనగానే ముందే వద్దనడం, ఆడపిల్ల పెద్దమనిషి కాగానే ఆటస్థలానికి పంపకపోవడం బిడ్డకు ఒకే పాఠం నేర్పుతాయి: ఈ బడి నీది కాదు అని. వెలివేత బయటినుండి వచ్చినా, ఇంటినుండి వచ్చినా బిడ్డ మనసుపై దాని బరువు ఒక్కటే.

ఆటస్థలం ఇచ్చిన గౌరవం మన చరిత్రలోనే ఉంది. భారత ఫుట్‌బాల్ జట్టును 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ విజేతగా నిలిపిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసినవారు. మహమ్మద్ అజహరుద్దీన్ చదివినది హైదరాబాదులోని ఆల్ సెయింట్స్ ఉన్నత పాఠశాలలో, అంటే ఒక క్రైస్తవ విద్యాసంస్థలో. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ, 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. ఆడపిల్లకు బాక్సింగ్ ఎందుకన్నవారి మాట కాదని ఆమెను మైదానానికి తీసుకువెళ్లింది కన్నతండ్రే. ఆమె గెలిచినప్పుడు ఊరంతా అది తమ గెలుపనుకున్నది. సోదరభావాన్ని ఉపన్యాసాలకన్నా వేగంగా నేర్పేది కలిసి ఆడిన ఆట.

తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వేలాది పేద కుటుంబాలకు ఆసరా అయ్యాయి. మేము వాటిని మనసారా స్వాగతించాము. వాటిలో ఇతర వర్గాల పిల్లలకు కూడా కొన్ని సీట్లు కేటాయించడం దూరదృష్టి గల నిర్ణయం. ఆ సీట్లు ఖాళీగా మిగలకుండా చూడాలి. ఉర్దూ మాధ్యమ పాఠశాలలకూ, గురుకులాలకూ పొరుగు తెలుగు మాధ్యమ పాఠశాలలతో క్రీడా, సాహిత్య పోటీలు క్రమం తప్పకుండా జరపాలి. మనవాళ్ల మధ్యే పెరిగిన బిడ్డకు రేపటి కళాశాల పరాయి దేశంలా తోచకూడదు.

పాఠశాలల యాజమాన్యాలను మేము కోరేవి ఖర్చు లేని పనులు. రంజాన్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రాబోయే కొన్నేళ్లు అది వార్షికోత్సవాలు, క్రీడా పోటీలు జరిగే శీతకాలంలోకి వస్తుంది. క్యాలెండరు వేసేటప్పుడే ఆ నెలను గుర్తిస్తే ఉపవాసమున్న బిడ్డ పరుగుపందేనికి దూరం కానక్కరలేదు. హౌస్ కెప్టెన్లను, తరగతి నాయకులను ఎంపిక చేసేటప్పుడు ప్రతి బిడ్డ పేరూ పరిశీలనలోకి రావాలి. మతం పేరిట వచ్చే ఎగతాళిని అల్లరిగా కొట్టిపారేయకుండా అదే రోజు సరిదిద్దాలి.

తల్లిదండ్రులను కోరేది కూడా పెద్దది కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. ఆ ఎన్నిక రోజున మన తల్లులు బడికి వెళ్లాలి, పోటీ చేయాలి. మార్కుల పట్టీపై సంతకం చేసేటప్పుడు బిడ్డను ఎన్ని మార్కులు వచ్చాయని అడిగిన తరువాత, ఈ వారం ఎవరితో ఆడుకున్నావని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు బిడ్డ దగ్గర జవాబు లేకపోతే, మరునాడే బడికి వెళ్లి ఉపాధ్యాయులను కలవాలి.