కన్వీనియన్స్ ఎవరికి? ఫీజు ఎవరికి?

పదిహేడు రూపాయల డెబ్భై పైసలు. ఈ అంకె మీకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. ఐఆర్‌సీటీసీలో స్లీపర్ టికెట్ కార్డుతో కొంటే చిట్టచివర్లో వచ్చి చేరే కన్వీనియన్స్ ఫీజు అది. 15 రూపాయల ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఏసీ అయితే 30 రూపాయలు, పన్నుతో కలిపి 35.40. యూపీఐతో కడితే 10, 20. స్టేషన్‌కి వెళ్ళి కౌంటర్లో కొంటే మాత్రం సున్నా.

"పోనిద్దూ, మనం తాగే కాఫీ ఖరీదు కూడా కాదు" అని మా టీమ్‌లో వాళ్ళు కొట్టిపారేస్తారు. నిజమే, మన జేబుకి అదొక లెక్కలోది కాదు. కానీ మనం ప్రోగ్రాములు రాసి బతికే వాళ్ళం. ఏ పనికి ఎంత ఖర్చవుతుందో, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో మామూలు జనం కంటే మనకి కాస్త బాగా తెలియాలి. అందుకే ఈ గోల.

ఆన్‌లైన్ అమ్మకాల మీద బతికే వ్యాపారాలు నా లెక్కలో రెండు రకాలు. లేనిదాన్ని పుట్టించేవి ఒక రకం, ఉన్నదాని ముందు గేటు పెట్టేవి రెండో రకం.

మొదటి రకానికి మనవాళ్ళ ఉదాహరణే ఉంది. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి హైదరాబాదు రావడానికి ఫణీంద్ర సామా అనే ఇంజనీరుకి బస్సు టికెట్ దొరకలేదు. ఆ కోపంలోంచి 2006లో రెడ్‌బస్ పుట్టింది. అప్పట్లో ప్రైవేటు బస్సుల సీట్లు ఎలా అమ్మేవారో గుర్తుందా? ఒక్కో ఆపరేటర్‌కి ఒక్కో చార్టు. ఏ ఏజెంటు దగ్గర ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఇంకో ఏజెంటుకి తెలీదు. బస్సు ఖాళీగా పోతుంటే మనం మాత్రం సీట్ల కోసం ఊరంతా ఫోన్లు చేసేవాళ్ళం. చెదిరిపోయి ఉన్న ఆ సమాచారాన్ని ఒకచోట చేర్చడమే రెడ్‌బస్ చేసిన పని. అందుకు కమిషన్ ఆపరేటర్ దగ్గర తీసుకుంది. ఖాళీ సీటు నింపి పెట్టినందుకు ఆపరేటర్ కూడా సంతోషంగానే ఇచ్చాడు. 2013లో ఆ కంపెనీని ఐబిబో గ్రూప్ కొనుక్కుంది. అందులో ఎవరికీ అన్యాయం కనపడదు నాకు.

మరి రైల్వే సంగతి? రైలు సీట్ల సమాచారం ఎప్పుడూ చెదిరి లేదు. 1985-86లోనే ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత రైల్వే వాళ్ళ సొంత సంస్థ క్రిస్ తయారుచేసిన 'కాన్సర్ట్' సాఫ్ట్‌వేర్‌ని మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1994 సెప్టెంబర్‌లో. 1999 కల్లా ఐదు కేంద్రాలనీ నెట్‌వర్క్‌తో కలిపేశారు. ఏ ఊరి కౌంటర్ నుంచైనా ఏ రైలుకైనా టికెట్ తీసుకోగలిగే ఏర్పాటు ఐఆర్‌సీటీసీ సైటు రాకముందే ఉందన్నమాట. 2002 ఆగస్టు 3న ఆన్‌లైన్ టికెట్లు మొదలైనప్పుడు కొత్తగా వచ్చింది ఆ ఇంజిన్ ముందు ఒక వెబ్ పేజీ, ఒక పేమెంట్ గేట్‌వే. మన భాషలో చెప్పాలంటే ఫ్రంట్ ఎండ్.

ఫ్రంట్ ఎండ్ అంటే తేలిక పని అని నేననడం లేదు. తత్కాల్ టైములో పదింటికి, పదకొండింటికి వచ్చే లోడ్ తట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. 2014లో సిస్టమ్ మార్చి నిమిషానికి 2,000 టికెట్ల సామర్థ్యాన్ని 7,200కి పెంచారు. బాట్‌లతో యుద్ధం వేరే ఉంది. 2025 జులై 1 నుంచి ఆధార్ ధృవీకరణ లేనిదే ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ దొరకదు. వీటన్నిటికీ డబ్బు ఖర్చవుతుంది, ఒప్పుకుంటా.

కానీ అవతలి వైపు లెక్క కూడా చూడండి. ఇప్పుడు రిజర్వుడు టికెట్లలో 80 శాతానికి పైగా ఆన్‌లైన్‌లోనే అమ్ముడవుతున్నాయి. ఆ పనంతా కౌంటర్లలో చెయ్యాలంటే ఎంతమంది గుమాస్తాలు, ఎన్ని కిటికీలు, ఎంత కాగితం కావాలి? ఫారం నింపేది మనం, పేర్లు టైపు చేసేది మనం, చూపించే ఫోనూ మనదే. గుమాస్తా పని మన చేత చేయించుకుని, చేసినందుకు మన దగ్గరే కూలి తీసుకుంటున్నారు :)

పైగా టికెట్ ధరలోనే రిజర్వేషన్ చార్జీ అని విడిగా ఒకటుంది. స్లీపర్‌కి 20, థర్డ్ ఏసీకి 40 రూపాయలు. సీటు రిజర్వ్ చేసినందుకు ఒకసారి కడుతున్నాం కదా, అదే సీటు మనమే రిజర్వ్ చేసుకున్నందుకు మళ్ళీ ఎందుకు?

ఈ ఫీజు లేకుండా బండి నడవదా అంటే, నడిచింది. నోట్ల రద్దు తర్వాత 2016 నవంబర్‌లో ఫీజు తీసేశారు. దాదాపు మూడేళ్ళు లేదు. ఆ లోటులో కొంత ప్రభుత్వం పూడ్చింది. 2019 సెప్టెంబర్ 1న మళ్ళీ పెట్టారు. నెల తిరిగాక, అక్టోబర్‌లో, ఐఆర్‌సీటీసీ షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 320 రూపాయలకి అమ్మిన షేరు మొదటిరోజే రెట్టింపు దాటింది. కంపెనీ మొత్తం ఆదాయంలో ఇంటర్నెట్ టికెటింగ్ వాటా సుమారు మూడో వంతు, లాభంలో మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. భోజనాలు, నీళ్ళ సీసాలు అమ్మితే రాని లాభం ఒక బటన్ నొక్కితే వస్తోంది.

2021 అక్టోబర్ 28న జరిగింది గుర్తుందా? కన్వీనియన్స్ ఫీజులో సగం మాకివ్వండి అని రైల్వే శాఖ అడిగింది. తెల్లారి మార్కెట్ తెరవగానే షేరు పాతిక శాతానికి పైగా పడిపోయింది. అదే రోజు ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. సగం మాది అని వాళ్ళు, మొత్తం మాది అని వీళ్ళు. ఆ ఫీజు కట్టే ప్రయాణికుడి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ ఒక్కరోజుతో తేలిపోయింది, ఈ ఫీజు ఖర్చు కోసం కాదు, షేరు కోసం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వెయిటింగ్ లిస్టు. సంక్రాంతికి విశాఖ వెళ్ళే కుటుంబం నాలుగు టికెట్లు కొంటుంది, వెయిటింగ్‌లో ఉంటుంది, చార్టు తయారయ్యాక టికెట్ దానంతటదే రద్దవుతుంది. సీటు ఇవ్వలేదు, ప్రయాణం జరగలేదు. అయినా ఒక్కో మనిషికి 60 రూపాయల చొప్పున 'క్లర్కేజ్' కోసేస్తారు. కన్వీనియన్స్ ఫీజు అసలు తిరిగి రాదు. క్లర్కే లేని చోట క్లర్కేజ్ ఏంటండీ? మనం రాసిన ప్రోగ్రాం పని చెయ్యకపోయినా క్లయింటు బిల్లు కట్టాలంటే ఊరుకుంటాడా?

"ఇష్టం లేకపోతే కౌంటర్‌కి వెళ్ళు" అని ఒక వాదన ఉంది. మన దాకా బాగానే ఉంది. కానీ ఈ ఫీజు నిజంగా తగిలేది ఎవరికి? మేస్త్రీ పనికో, హోటల్ పనికో హైదరాబాద్ వచ్చినవాడికి. రోజు కూలి వదులుకుని కౌంటర్లో నిలబడలేడు. ఫోన్లో సొంతంగా చేసుకోవడం రాదు. పక్క సందులో ఇంటర్నెట్ షాపుకి వెళ్తాడు. అక్కడ కన్వీనియన్స్ ఫీజు, ఏజెంటు సర్వీస్ చార్జీ, షాపువాడు నోటికొచ్చినంత. మనకి కాఫీ ఖరీదు కానిది అతనికి ఒక పూట భోజనం. ఇక ఎంచుకునే వీలు ఉందా అంటే, రైలు టికెట్ ఏ యాప్‌లో కొన్నా వెనకాల ఐఆర్‌సీటీసీయే.

మరి ఏం చెయ్యాలి? నాకు తోచినవి మూడు.

ఒకటి, కన్ఫర్మ్ కాకుండా దానంతటదే రద్దయిన టికెట్ మీద ఒక్క పైసా పట్టుకోకూడదు.

రెండు, యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారికి బ్యాంకు చార్జీలు 2020 జనవరి నుంచే సున్నా. కాబట్టి యూపీఐతో కట్టినవాళ్ళకి ఫీజు కూడా సున్నా చెయ్యాలి.

మూడు, సైటు నడిపే ఖర్చుని రిజర్వేషన్ చార్జీలోంచే రైల్వే భరించాలి. కౌంటర్ గుమాస్తా జీతం రైల్వే ఇస్తున్నప్పుడు సర్వర్ జీతం మనమెందుకివ్వాలి?

షేరు పడిపోతుంది అంటారేమో. పడనివ్వండి. ఆ షేర్లలో నా పొదుపు కూడా మ్యూచువల్ ఫండు రూపంలో కొంత ఉండే ఉంటుంది. రైలు పట్టాలు వేసింది దేశం డబ్బుతో, రిజర్వేషన్ ఇంజిన్ కట్టింది దేశం డబ్బుతో. దానిముందు గేటు పెట్టి వసూలు చేసేదాన్ని వ్యాపారం అంటే నాకు మనసొప్పదు.

మీకెవరికైనా ఇందులో వేరే లెక్క కనిపిస్తే చెప్పండి. వింటాను.