ముందు నెగెటివ్ సైజు తేల్చుకోండి, కెమెరా సంగతి తర్వాత

పోయిన నెల చిట్యాల బస్టాండు దగ్గర ఒక తమ్ముడు కలిసిండు. ఇంజినీరింగ్ మూడో ఏడాది. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ కూడబెట్టి పెట్టుకున్నాడట. "అన్నా, మామియా ఆర్‌బీ67 తీసుకుందామనుకుంటున్న. ఇన్‌స్టాల అందరు దాంతోనే తీస్తున్నరు. నువ్వేమంటవ్?" అన్నాడు. "కెమెరా సరే, ఎన్ని రోల్స్‌కు డబ్బులున్నయ్?" అని అడిగితే నా మొహం చూశాడు. ఆరేళ్ల కింద నన్నెవరైనా అదే అడిగి ఉంటే నేనూ అట్లనే చూసేవాణ్ని.

నా కథ చెప్తా. ఇంకా ఉద్యోగం రాలేదు. అయినా అప్పు చేసి ఆన్‌లైన్‌లో ఒక పాత మీడియం ఫార్మాట్ కెమెరా తెప్పించుకున్నా. అమ్మినాయన పెట్టిన ఫొటోల్లో కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోయింది. చేతికొచ్చాక చూస్తే లెన్సులో ఫంగస్. షట్టర్‌ను ఒక సెకను మీద పెడితే మూడు సెకన్లు తెరుచుకునే ఉంటోంది. బాగు చేయించేసరికి ఫిల్మ్ కొనడానికి పైసా మిగల్లేదు. నాలుగు నెలలు అది మా ఇంటి షోకేసులో కూర్చుంది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం దాని రేటు అడిగేవాడు, ఆ వెంటనే నా ఉద్యోగం సంగతి అడిగేవాడు.

అందుకే మొదట లెక్క. మీడియం ఫార్మాట్ కెమెరాలన్నీ దాదాపుగా వాడేది ఒకటే ఫిల్మ్, దాని పేరు 120. వెనకాల నల్ల కాగితంతో చుట్టి వస్తుంది. తేడా అంతా ఆ ఒక్క చుట్టను కెమెరా ఎన్ని ముక్కలుగా వాడుకుంటుందన్న దాంట్లోనే ఉంది. 645 అనే సైజులో 15 లేదా 16 ఫొటోలు, 6×6 చతురస్రంలో 12, 6×7లో 10, 6×9లో 8. రోల్, కడిగించడం, స్కాన్ అన్నీ కలిపి 1,500 రూపాయలు అవుతుందనుకోండి. 645లో ఒక క్లిక్ 100 రూపాయలు, 6×6లో 125, 6×7లో 150. ఆ తమ్ముడు అడిగిన ఆర్‌బీ67లో కళ్లు మూసుకున్న ఒక్క ఫొటోకు 150 పోయినట్టే. పైగా లెన్సు, ఫిల్మ్ బ్యాక్ కలిపితే రెండున్నర కిలోలు దాటుతుంది. అది స్టూడియోలో స్టాండు మీద పెట్టుకోవడానికి చేసిన కెమెరా. మెడలో వేసుకుని చెరువుగట్టు జాతర తిరగడానికి కాదు.

మరి పెద్ద నెగెటివ్ ఎందుకు? మామూలు 35 ఎంఎం ఫ్రేమ్ 24×36 మిల్లీమీటర్లు. 6×6 నిజానికి 56×56. విస్తీర్ణం లెక్కన మూడున్నర రెట్లకు పైనే. ఇంట్లో వాడే సైజు స్కానర్‌లో 2,400 డీపీఐ దగ్గర రెండింటినీ స్కాన్ చేస్తే 35 ఎంఎం నుంచి 8 మెగాపిక్సెళ్ల లోపు ఫైల్ వస్తుంది, 6×6 నుంచి 28 మెగాపిక్సెళ్లు వస్తుంది. (ఇన్ని పిక్సెళ్లున్నంత మాత్రాన అంత వివరం ఉన్నట్టు కాదు, కానీ తేడా కంటికి కనిపిస్తుంది.) 8×10 అంగుళాల ప్రింటుకు 35 ఎంఎంను ఎనిమిదిన్నర రెట్లు సాగదీయాలి, 6×7ను మూడున్నర రెట్లు చాలు. 6×7 ఆకారం కూడా 8×10 కాగితానికి దాదాపు సరిగ్గా అతుకుతుంది, పక్కలు కోయాల్సిన పని పెద్దగా ఉండదు. పనిలో పనిగా ఇంకో మాట. ఇప్పుడు మీడియం ఫార్మాట్ డిజిటల్ అని అమ్ముతున్న ఫుజీ జీఎఫ్ఎక్స్ కెమెరాల సెన్సర్ సుమారు 44×33 మిల్లీమీటర్లు. మన 645 నెగెటివ్ కన్నా చిన్నది. పేర్లు చూసి మోసపోకండి.

ఇదంతా నాకు ఎవరు నేర్పారంటే, మా ఊళ్లో ఒకప్పుడు స్టూడియో నడిపిన ఒక పెద్దమనిషి. ఆయన దగ్గర యాషికా ట్విన్ లెన్స్ కెమెరా ఉండేది. పైనుంచి అద్దంలోకి తొంగిచూసి తీసేది. అందులో బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. "పెండ్లిల పిల్లను ఎడమకు జరుగుమనవోయి కుడికి జరుగుమంటుంటి, అందరు నవ్వుతుండ్రి" అంటాడు. ఒకరోజు ఒక పాత నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. ఒకావిడ ముఖం. చెంప మీద సన్నటి పెన్సిల్ గీతలు. అమ్మవారి మచ్చలు ప్రింటులో కనబడకుండా నెగెటివ్ మీదే పెన్సిల్‌తో పూడ్చాడట. "చిన్న ఫిల్మ్ అయితే ముఖం గోరంత ఉంటది, పెన్సిల్ ఏడ పెట్టాలె బిడ్డా?" అన్నాడు. నెగెటివ్ సైజు గురించి నేను చదివిన ఏ ఆర్టికల్‌లోనూ ఈ కారణం కనిపించలేదు. చతురస్రం ఎందుకు వాడారో కూడా చెప్పాడు. కెమెరా తిప్పే పనే లేదు. తీసిన తర్వాత నిలువుగా కావాలంటే నిలువు, అడ్డంగా కావాలంటే అడ్డం, పాస్‌పోర్టు సైజు కావాలంటే అది, అన్నీ అందులోంచే కోసుకోవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. ఫిల్మ్ కెమెరా కొంటే ఉద్యోగం వస్తుందా? రాదు. మన దగ్గర పెళ్లిళ్లు, ప్రొడక్టు ఫొటోలు, సినిమా స్టిల్స్ అన్నీ డిజిటల్‌లోనే నడుస్తున్నాయి. ఎవరైనా మీకు వేరేలా చెప్తే వాళ్లు కెమెరా అమ్ముకునేవాళ్లయి ఉంటారు. కానీ ఫొటోగ్రఫీనే చదువుగా తీసుకోవాలనుకుంటే దారులున్నాయి. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ ఉంది. డిగ్రీ అయినవాళ్లకు గాంధీనగర్ ఎన్ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్ ఉంది. అలాంటి చోట మీ పన్నెండు ఫ్రేములను ఎందుకు అలా తీశారో చెప్పగలిగితే అది వేయి ఫోన్ ఫొటోల కన్నా ఎక్కువ మాట్లాడుతుందని నా నమ్మకం.

రెండోది, నేను చేస్తున్న పని. జీతం రాదు గానీ చేతికి పని వస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసిన గాజు నెగెటివ్‌లు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఢిల్లీలోని ఐజీఎన్‌సీఏలో భద్రంగా ఉన్నాయి. మన మండలాల్లో స్టూడియోలు తీసిన నెగెటివ్‌లకు ఆ అదృష్టం లేదు. వెండి తీసేవాళ్లు కిలోల లెక్కన కొనుక్కుపోయారని పెద్దమనిషి చెప్పాడు. ఆయన దగ్గర మిగిలింది ఒక గోనె సంచి. శని, ఆదివారాలు కూర్చుని ఒక్కొక్కటీ తుడిచి, స్కాన్ చేసి, పేరూ ఊరూ తెలిస్తే ఫైల్‌లో రాసి పెడుతున్నా. స్కానింగ్, రంగు సరిచేయడం, డేటా పద్ధతిగా పెట్టుకోవడం, అన్నీ ఇందులోనే వచ్చేశాయి. దీనికి కెమెరా కూడా అక్కర్లేదు.

అయినా కొంటా అంటారా? కొనండి. నా ఓటు 6×6 ట్విన్ లెన్స్‌కే. యాషికా మ్యాట్ 124జీ లాంటిది కిలో పైచిలుకు బరువు, లెన్సు మార్చే పని లేదు కాబట్టి లెన్సుల మీద ఖర్చూ లేదు. దాని మీటర్‌కు కావలసిన పాదరసం బ్యాటరీ ఇప్పుడు రాదు, ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకుంటే సరిపోతుంది. మనుషుల ముఖాలు, పెద్ద ప్రింట్లు, నిదానంగా తీసే పని అయితే 6×7. తిరుగుతూ ఎక్కువ తీస్తాననుకుంటే 645. డబ్బులిచ్చే ముందు లెన్సులోకి టార్చి కొట్టి చూడండి, సాలెగూడు లాంటిది కనిపిస్తే వదిలేయండి. షట్టర్‌ను ఒక సెకను మీద పెట్టి ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ఆన్‌లైన్ అయితే అమ్మేవాళ్లనే ఆ వీడియో పంపమనండి. చేతిలో ఉన్న డబ్బులో సగమే కెమెరాకు, మిగతా సగం పది రోల్స్‌కు పక్కన పెట్టండి. అలా కుదరకపోతే కెమెరా వాయిదా వేయండి.

ఆ తమ్ముడు ఇంకా కొనలేదు. పోయిన ఆదివారం గోనె సంచి దగ్గరికి వచ్చాడు. ఒకదానికొకటి అతుక్కుపోయిన నెగెటివ్‌లను ఎట్లా విడదీయాలో పెద్దమనిషి చూపిస్తుంటే, ఆర్‌బీ67 ఊసెత్తకుండా సాయంత్రం దాకా కూర్చున్నాడు.