ఆటోమేటా పాఠం పటాన్‌చెరులో చెప్పాలి

"ట్యూరింగ్ మెషీన్ ఇంటర్వ్యూలో అడుగుతారా సార్?" అనే పిల్లల్ని తప్పుపట్టను, గేట్ మార్కుల కోసమే ఉందన్నట్టు ఆ పాఠం చెప్పేవాళ్లనే అనాలి. కందిలో ఐఐటీ ఉంది, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, పటాన్‌చెరు నుంచి హైవే వెంట పాశమైలారం దాకా ఫ్యాక్టరీలే. వాటిలో కన్వేయర్లనూ వాల్వులనూ నడిపే పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) చేసే పని చూడండి: ఇన్‌పుట్లు చదువుతుంది, లాడర్ లాజిక్‌లో రాసిన ప్రోగ్రాంను ఒక చుట్టు నడుపుతుంది, అవుట్‌పుట్లు మారుస్తుంది, మళ్లీ మొదలు. ఇచ్చిన ప్రోగ్రాం ఏదైనా సరే, అది ఆగుతుందో లేదో ముందే తేల్చే పద్ధతి అసాధ్యమని 1936 నాటి ట్యూరింగ్ వ్యాసం నుంచి తేలింది కదా, ఆ తలనొప్పికి షాప్‌ఫ్లోర్ మందు వాచ్‌డాగ్ టైమర్. గడువులోపు చుట్టు పూర్తికాకపోతే కంట్రోలర్ ఫాల్ట్‌లోకి పోతుంది. (ప్యానెల్ దగ్గరి ఐటీఐ కుర్రాడికి ఇది తెలుసు, ట్యూరింగ్ పేరే తెలియదు.) నా దృష్టిలో ఈ సబ్జెక్టు అసలు విలువ ఇక్కడే ఉంది: ప్రోగ్రాం రాసే భాషకు శక్తి పెరిగేకొద్దీ దాని గురించి ముందుగా చెప్పగలిగేది తగ్గుతుంది. పరిమిత స్థితుల యంత్రంగా రాసుకున్న తర్కంలో స్థితులన్నీ ఒక్కొక్కటిగా వెతికి చూడొచ్చు. ఏ పరిమితీ లేని ప్రోగ్రాంకు ఆ భరోసా ఉండదు. కాబట్టి అవసరానికి సరిపడేంత చిన్న భాష ఎంచుకోవడం కూడా ఇంజినీరింగే. సెమిస్టర్ పరీక్షలో వృత్తాలూ బాణాలూ గీయించే బదులు ఒక నిజమైన ప్యానెల్ తర్కం చేతికిచ్చి, యంత్రం రక్షణ గార్డు తెరిచి ఉండగా మోటారు తిరిగే స్థితి ఒక్కటైనా ఉందేమో పట్టుకోమనండి.