గండికోటకు అరువు పేరెందుకు?



సెలవులకు బెంగుళూరు నుండి ప్రొద్దుటూరు వచ్చిన నా మనుమడు, "తాతా, రేపు ఇండియన్ గ్రాండ్ క్యాన్యన్ చూడటానికి పోదాం" అన్నాడు. అది ఏ రాష్ట్రంలో ఉందిరా అని అడిగాను. చేతిలోని ఫోను చూపించాడు. జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్లట! ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాడి ఇంట్లో గండికోటకు ఆ పేరు వినవలసి వచ్చింది. పిల్లవాణ్ణి కోప్పడి ప్రయోజనం లేదు. వాడు చదివినదే వాడు చెప్పాడు. అడగవలసింది వ్రాసేవారిని. అందుకే ఈ టపా.

ముందుగా మాట సంగతి. గండి అంటే ఏమిటో మన సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. చెరువుకట్ట తెగితే గండి పడిందంటాము. కొండను చీల్చుకొని ఏరు వెళ్ళే తావునూ గండి అనే అంటాము. పులివెందుల వైపు వారికి ఇది మరీ బాగా తెలుసు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది శేషాచలం కొండలను కోసుకొని వచ్చే చోటే గండి. అక్కడ వెలసిన స్వామి గండి ఆంజనేయస్వామి. అట్లే ఎర్రమల కొండలను పెన్న కోసుకొని పోయిన చోట కట్టిన కోట గండికోట. ఇంగ్లీషువారు క్యాన్యన్ అనేదానికి మన పెద్దలు పెట్టుకున్న మాట ఆ ఊరి పేరులోనే మొదటి రెండక్షరాలై కూర్చుంది. దాని నెత్తిన మళ్ళీ క్యాన్యన్ అని అతికించడం పెన్నానదిని 'నది రివరు' అనడం వంటిది.

పోనీ, ఆ క్యాన్యన్ అయినా ఇంగ్లీషువారి సొంతమా? కాదు. స్పానిషువారి 'కాన్యోన్' నుండి వారు తెచ్చుకున్నది. అప్పులవాడి దగ్గర అప్పు చేసినట్టయింది మన పని.

"పేరేదైతేనేమి మాస్టారూ, జనం వస్తున్నారు కదా" అని మిత్రులొకరు అన్నారు. వారి మాట తీసివేయదగినది కాదు. కుగ్రామానికి నలుగురు వస్తే నాలుగు పొయ్యిలు వెలుగుతాయి. అయితే పేరును బట్టే చూపు పోతుంది. అమెరికాలోని ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్ని చోట్ల 1,800 మీటర్లకు పైమాటే. మన గండి లోతు వందల అడుగుల లెక్కలోనిది. ఆ పేరు పెట్టి పిలిస్తే మనది పెద్దదాని బొమ్మగా తేలిపోతుంది. గండి అంచున ఒక మహానగరపు శిథిలాలను నిలుపుకోవడం మన గండికోట విశేషం. ఆ పేరు విని వచ్చినవారు దాని వంకకే తిరగరు.

నా దగ్గర జమ్మలమడుగులో చదువుకొని, ఇప్పుడు బాడుగ కారు నడుపుకొంటున్న శిష్యుడొకడు చెప్పిన మాట ఇది: "లోయకాడ ఫొటోలు దిగి అరగంటకే ఎనక్కి వస్తారయివారూ. రాణీమహలు చూపిస్తా రాండంటే, ఆడేముంది అంటారు."

ఆడేముందో చెబుతాను. ఇటుకలతో కట్టి, పైన గచ్చు నగిషీలు దిద్దిన విశాలమైన రాజభవనం ఉంది. జుమ్మా మసీదు, దాని పక్కనే పెద్ద ధాన్యాగారం, కత్తుల కోనేరు, జాలీ కిటికీల పావురాల గోపురం ఉన్నాయి. మాధవరాయల గుడి, రంగనాథుని గుడి ఉన్నాయి. రాయలచెరువు ఊటనీటితో నిమ్మతోటలు, అరటితోటలు పండేవి. కోట అడుగున పెన్న ఒడ్డున జలపాతంతో కూడిన 'పరేబాగ్' అనే ఉద్యానవనం ఉండేదని ప్రతీతి. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. 1652లో రత్నాల వర్తకుడు టావెర్నియే అనే ఫ్రెంచివాడు ఇక్కడికే వచ్చి అతణ్ణి కలిశాడు. గుళ్ళలోని లోహవిగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించే ప్రయత్నం జరిగిందని వ్రాశాడు. వైభవమూ అక్కడే, విధ్వంసమూ అక్కడే. ఇంత కథ ఉన్న చోట "ఏముంది" అన్న ప్రశ్న పుట్టడం ఎవరి తప్పు?

స్పెయిను మాట వచ్చింది గనుక ఆ దేశపు సంగతే చెబుతాను. మాడ్రిడుకు దక్షిణాన తాహో నది ఒడ్డున అరాంహ్వెజ్ అనే రాజప్రాసాదం ఉంది. పదహారవ శతాబ్దిలో రెండవ ఫిలిప్ రాజు మొదలుపెట్టించాడు. పద్దెనిమిదవ శతాబ్దిలో తరువాతి రాజులు పూర్తిచేశారు. అక్కడి రాకుమారుని తోటలో నాలుగవ చార్లెస్ కోసం ప్రాచీన గ్రీకు రోమను పద్ధతిని అనుసరించి ఒక విహారభవనం కట్టారు. లోపల గోడలకు పట్టుబట్టలు; పేరేమో 'రైతు ఇల్లు'! 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు ఒక్క ప్రాసాదాన్నే ఎంచలేదు. నది, కాలువలు, తోటలు, చెట్ల బాటలు, ఊరు అన్నింటినీ కలిపి ఒక్క సాంస్కృతిక దృశ్యంగా లెక్కించింది. ఆ తోటలను తలచుకొని హోవాకిన్ రోద్రీగో 1939లో గిటారు కచేరి ఒకటి రచించాడు. ఆయన పసితనంలోనే చూపు పోగొట్టుకున్నవాడు. చూపులేని మనిషి ఆ తోటను లోకానికి వినిపించాడు. రెండు కళ్ళున్న మనం రాణీమహలు దాకా నడవలేకపోతున్నాము.

గండికోటలో అరాంహ్వెజ్ అంత సొగసు మిగిలి ఉందని నేననను. అక్కడ రాజుల సొమ్ము నిలిచింది, ఇక్కడ యుద్ధాల గాయాలు నిలిచాయి. కానీ నది, భవనం, తోట, ఊరు ఒక్కటిగా చూడవలసినవన్న పాఠం మాత్రం రెండు చోట్లకూ చెల్లుతుంది.

ఈ తప్పులో నా పాలు లేదనను. ఉద్యోగకాలంలో ఎన్నోమార్లు పిల్లలను అక్కడికి తీసుకుపోయాను. తిరిగివచ్చాక 'గండికోట ప్రకృతి సౌందర్యము' అని వ్యాసం వ్రాయమనేవాణ్ణి. ఆ ధాన్యాగారంలో ఎవరి పొలాల గింజలు నిండేవో, ఆ ఇటుకలు మోసినవారెవరో వ్రాయండని ఒక్కసారీ అడగలేదు. మెకంజీ సేకరింపజేసిన గండికోట కైఫీయత్తు ఉందని తెలిసీ తరగతిలో ఒక్క పుట చదివి వినిపించలేదు. నేను నేర్పనిది నా మనుమడికి ఫోను నేర్పింది.

2024లో కేంద్రప్రభుత్వం, రాష్ట్రాలకిచ్చే వడ్డీలేని రుణపథకం కింద, గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషం. అందులో కొంతైనా రాజభవనపు గోడలు పడిపోకుండా నిలబెట్టడానికి, రాయలచెరువు నీటికి, ప్రతి కట్టడం ముందు నాలుగు పంక్తుల మంచి తెలుగు పలకకు ఖర్చు కావాలి. లోయ అంచున కూర్చునే బల్లలు వేయడంతోనే అభివృద్ధి ముగిసిపోకూడదు.

మీకు నా విన్నపం చిన్నదే. అంతర్జాలంలో తెలుగు అక్షరం నిలవాలని శ్రమపడినవారు మీరు. ఇకపై గండికోట గురించి వ్రాసేటప్పుడు ఆ అరువు పేరును పక్కన చేర్చకండి. చేర్చినవారిని మర్యాదగా వారించండి. ఒక్క ఫొటో పెట్టదలిస్తే రాణీమహలుది పెట్టండి.

మరునాడు మనుమణ్ణి తీసుకుపోయాను. లోయ చూపించలేదా అంటే చూపించాను, కాని చివర. తిరుగుదారిలో వాడడిగాడు: "తాతా, గండి అంటే తెగిపోవడమే కదా, మరి దాన్ని పూడ్చరా?"

చెరువుకట్టకైతే పూడుస్తారు నాయనా అన్నాను. మిగిలిన గండి సంగతే మీ ముందు పెట్టాను.

స్వస్తి.