దిబ్బ మీద బొరియల్లో మందు పెట్టొద్దు



స్టోర్ రూములో బియ్యం బస్తాలు కొరికేస్తున్నాయని ఎలుకలమందు తెప్పించారు. మిగిలిన మందు కాంపౌండు వెనక చిల్లచెట్ల దిబ్బ మీద బొరియల్లో కూడా పెడతారంట. అది వద్దని నా అభిప్రాయం. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

స్టోర్ రూములోవి ఇంటెలుకలు, పందికొక్కులు. దిబ్బ మీదవి వేరే జాతులు. అన్నీ ఎలుకలే కదా అంటే, కాకి కోకిల రెండూ నలుపే కదా అన్నట్టు ఉంటాది. దిబ్బ ఎలుకకి తోక ఒంటి కంటే పొడుగు, తోక చివర వెంట్రుకల కుచ్చు. వెనక కాళ్ళు పెద్దవి, పొట్ట తెల్లగా ఉంటాది. దీన్ని జెర్బిల్ అంటారు. పూర్వం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ దొర 1867లో జంతువుల మీద ఒక పుస్తకం వేశాడు. అందులో దీన్ని తెలుగువాళ్ళు ఎర్ర ఎలుక అంటారని, యానాదులు తెల్-ఎల్క అంటారని రెండు పేర్లూ రాశాడు. నేను యానాది పిల్లని. మావాళ్ళ మాట నూట యాభై ఏళ్ళ కిందటే పుస్తకంలోకి ఎక్కింది. నన్ను ‘ఎలుకల పిల్ల’ అని ఎక్కిరించేవాళ్ళు ఈ లైను రెండుసార్లు చదవండి.

ఇంకో చిన్న ఎలుక ఉంది. దాని వెంట్రుకలు ముళ్ళ మాదిరి బిరుసుగా ఉంటాయి. ఎర్ర గులకనేలలో బొరియ తవ్వుకుని, లోపలికి పోయాక వాకిలిని గులకరాళ్ళతో మూసేస్తుందంట. లోపల కూడా గులకరాళ్ళు పరుచుకుని వాటి మీదే కూర్చుంటుందని అదే పుస్తకంలో ఉంది. మనం ట్రంకుపెట్టెకి తాళం వేసుకున్నట్టే. ఆస్ట్రేలియా ఎండునేలల్లో కూడా ఒక చిట్టెలుక నోటితో గులకరాళ్ళు మోసుకొచ్చి బొరియ చుట్టూ గుట్ట కడతాది.

ఎండాకాలం మోటారు ఒక్కపూట ఆగితే మనం బకెట్లు పట్టుకుని కొట్టుకుంటాం. తెల్-ఎల్క నీళ్ళు తాగకుండా చాలా రోజులు బతుకుతుంది. తిన్న గింజలు ఒంట్లో ఖర్చయ్యేటప్పుడు కొంచెం నీరు పుడుతుంది. మూత్రపిండాలు ఆ నీటిని పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి, అందుకే మూత్రం చిక్కగా, కొంచెమే వస్తుంది. పైన నేల కాలిపోతున్నా బొరియ లోపల చల్లగా ఉంటాది, పగలంతా అందులోనే ఉండి రాత్రికి బయటికొస్తాది. రాజస్థాన్ థార్ ఎడారిలో దీని చుట్టం ఒకటి మాత్రం పగలే తిరుగుతుంది.

ఇక మందు సంగతి. జింకు ఫాస్ఫైడు అనే మందు కడుపులో ఆమ్లం తగలగానే విషగాలి అవుతుంది. దానికి విరుగుడు లేదు. ఐదో తరగతి పిల్లలు ఆ దిబ్బ మీదికి రేగుపండ్లకి పోతారు, చేతికి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. ఇంకో రకం మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. దాన్ని తిన్న గుడ్లగూబకీ విషం ఎక్కుతుంది. స్టోర్ రూము ఎలుకల్ని తినేది కూడా ఆ గుడ్లగూబే కదా! మావాళ్ళు ఎలుకల్ని పట్టి తింటారు. ఎవరు ఎక్కడ మందు పెట్టారో వాళ్ళకి ఎవరు చెప్తారు? మా తాత రైతులు పిలిస్తే పోయి, కుండతో బొరియలోకి పొగ ఊది పట్టేవాడు. విషం ముట్టుకోలేదు.

అది ఉత్త పనికిరాని దిబ్బ అని కొందరు అంటున్నారు. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి 1986లో మళ్ళీ దొరికింది కడప జిల్లా పొదల నేలలోనే. దాన్ని మొదట పట్టింది కూడా ఆ జెర్డన్ దొరే.

స్టోర్ రూము తలుపు కింద నాలుగు వేళ్ళు దూరేంత సందు ఉంది. దానికి రేకు కొట్టించండి, బస్తాలు నేల మీద కాకుండా బల్లల మీద పెట్టించండి. రెండు బోనులు కొంటే చాలు. రోజూ సాయంత్రం స్టడీ అవర్ ముందు వాటిలో ఎండుచేప ముక్క నేను పెడతా, పొద్దున్నే పడినవాటిని తీసేది కూడా నేనే.

– ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని