ఆర్సీ మీద పేరు నాదే, మరి బండి?

మా పిన్నికూతురు పోయిన ఏడాది ఓ మధ్యాహ్నం ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అక్కా, నాకు కోర్టు నోటీసొచ్చింది. ఎవరో మోటారు సైకిలు మీద వెళ్తుంటే నా బండి గుద్దేసిందిట. ఆయనకి కాలు విరిగిందిట. నాకు బండెక్కడుందక్కా?" అంది.

బండి లేకేం, ఉంది. నాలుగేళ్ళ కిందట వాళ్ళాయన పికప్ వ్యాను కొన్నాడు. మార్జిన్ డబ్బు కట్టడానికి దీని గొలుసు, పొదుపు సంఘంలో దీని అప్పు ఉపయోగపడ్డాయి కాబట్టి బండి కూడా దీని పేరు మీదే రాయించాడు. "ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం" అంటే పెట్టింది. కొన్న రోజున నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టింది. ఆ బండితో దానికున్న సంబంధం అంతే. రెండేళ్ళు తిప్పాక గిట్టుబాటు కాలేదని పొరుగూరి వాళ్ళకి అమ్మేశారు. ఆ డబ్బుతోనే ఫైనాన్సు తీర్చారు. అప్పుడూ సంతకాలు పెట్టింది. కొన్నవాళ్ళు మాత్రం ఆర్సీ తమ పేరుకి మార్పించుకోలేదు, ఇన్సూరెన్సూ కట్టలేదు. యాక్సిడెంటు జరిగాక రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళకే నోటీసు వస్తుంది. వచ్చింది.

"అమ్మేశాంగా" అంటే చట్టం ఊరుకోదు. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే స్పష్టంగా చెప్పింది: రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుందో వాళ్ళే యజమాని, చేతులెన్ని మారినా నష్టపరిహారం బాధ్యత వాళ్ళదే అని. ఇన్సూరెన్సు సజావుగా ఉంటే కంపెనీ కడుతుంది. లేకపోతే ఎవరు కట్టాలో మా చెల్లెలికి ఇప్పుడు బాగా తెలిసింది.

ఇది చదివి "అయ్యో పాపం" అనుకునే ముందు ఒక్కసారి మీ ఇంటి బీరువాలో కాయితాలు తిరగెయ్యండి. మా వైపు ఊళ్ళల్లో ఎన్ని సామాను బళ్ళు ఆడవాళ్ళ పేర్ల మీద ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అప్పు సులువుగా పుడుతుందని కొందరు, భార్య పేరు కలిసొస్తుందని కొందరు, మగాయన పేరు మీద పాత బాకీలుండి కొందరు రాయిస్తారు. ఆ ఆడవాళ్ళలో బండి ఇన్సూరెన్సు ఏ తారీఖుతో అయిపోతుందో చెప్పగలిగిన వాళ్ళు ఎందరు? పేరు పెట్టుకోవడం గౌరవమే. కాని అది పూలదండ కాదు కదా, మెళ్ళో వేసుకుని ఫొటో దిగి ఊరుకోడానికి.

నేనేదో పెద్ద తెలిసినదాన్నని చెప్పడం లేదు. నాకూ ఆరేళ్ళ కిందట ఏమీ తెలీదు. మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రోడ్డుకి అటూ ఇటూ మొక్కలే. పెద్ద ఆర్డర్లు లారీలకెక్కి దేశమంతా పోతాయి. మాలాంటి చిన్నవాళ్ళకి చిన్న ఆర్డర్లు వస్తాయి: రావులపాలెంలో ఓ కల్యాణమండపం, కాకినాడలో ఓ అపార్టుమెంటు. అద్దె బండి వాడు పొద్దున్నే ఐదింటికి వస్తానని పదింటికి వచ్చేవాడు. ఎండెక్కాక ఎక్కించిన మొక్క దించేసరికి తల వాల్చేసేది. నష్టం మాది, బాడుగ వాడిది. చివరికి రెండు జతల గాజులు కుదువ పెట్టి, బ్యాంకు లోను తీసుకుని పికప్ కొన్నాం. లోను నా పేరు మీదే, బండీ నా పేరు మీదే.

మొదటి సర్వీసుకి నేనే వెళ్ళాను. అక్కడి కుర్రాడు నా వెనక్కి చూసి "ఆయ్, సార్‌గారు రాలేదాండి?" అన్నాడు. రాలేదన్నాను. "అయితే ఫోన్లో ఇవ్వండి, మాట్లాడతాను" అన్నాడు. బండి నాది, బిల్లు కట్టేది నేను, మాట్లాడేది మాత్రం ఆయనతో! మా ఆయనకేమో మొక్కకి అంటు కట్టడం తెలుసుగాని గ్రీజు ఎక్కడ కొట్టాలో తెలీదు. ఆ రోజే బండితో పాటు ఇచ్చిన పుస్తకం తీసి కూచున్నాను. వంటల పుస్తకం కంటే కష్టమేం కాదు. ఎన్ని కిలోమీటర్లకి ఇంజనాయిలు మార్చాలి, గాలి ఫిల్టరు ఎప్పుడు దులపాలి, ఖాళీగా ఉంటే వెనక టైర్లలో గాలి ఎంత, లోడు మీద ఎంత, అన్నీ రాసే ఉంటాయి. చదివేవాళ్ళే తక్కువ.

తర్వాత ఓ నోటుబుక్కు పెట్టాను. పాలవాడి లెక్క, చాకలి లెక్క రాసే చేతులే కదా. ఏ రోజు ఎంత డీజిలు పోయించాం, మీటరు ఎంత తిరిగింది, అంతే. ఆ పుస్తకం ఓసారి పెద్ద పాపం నుంచి నన్ను కాపాడింది. ఉన్నట్టుండి లీటరుకి వచ్చే కిలోమీటర్లు బాగా పడిపోయాయి. ఇంట్లో అందరూ "డ్రైవరు డీజిలు తీసి అమ్ముకుంటున్నాడు, మాన్పించెయ్" అన్నారు. నాకూ అనుమానమే వచ్చింది. అయినా తను రాని రోజులు చూద్దామని పుస్తకం తిరగేశాను. వాడు సెలవు పెట్టిన మూడు రోజులు మా మరిది నడిపాడు. ఆ మూడు రోజులూ లెక్క అంతే తక్కువ! మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే, వెనక ఎడమ చక్రం బ్రేకు వదలకుండా పట్టేసి ఉంది. కాస్త దూరం తిప్పి దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తే చాలు, పట్టేసింది మాత్రం పెనంలా సెగ కొడుతుంది. ఆ పిల్లాడు ఇప్పటికీ మా దగ్గరే ఉన్నాడు. నేను వాణ్ణి అనుమానించానని వాడికి తెలీదు. తెలీకుండానే ఉండనిద్దాం.

ఇక బండి ముస్తాబు సంగతి. కొన్న నెలలోనే మా బావగారి అబ్బాయి వచ్చి ముందు ఇనుప కమ్మీల గార్డు వేయిద్దాం, రంగురంగుల లైట్లు పెట్టిద్దాం, మొక్కలకి రెండో అర వెల్డింగు చేయిద్దాం అన్నాడు. గార్డు వద్దన్నాను. అలాంటి గార్డులు తీయించాలని కేంద్ర రవాణా శాఖ 2017లోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దుకుంటే ఎదుటి మనిషికీ ప్రమాదమే, బండిలో వాళ్ళకీ ప్రమాదమే. కంపెనీ ఇచ్చిన ఒళ్ళు ఇష్టమొచ్చినట్టు మార్చడం చట్టానికి ఒప్పదు. అందుకని అర మాత్రం బోల్టులతో బిగించి, పని కాగానే విప్పేసేలా చేయించాను. నేను డబ్బు పెట్టినవి వేరే ఉన్నాయి: రెండు నైలాను తాళ్ళు, ఓ మంచి పట్టా, ఆకుపచ్చ షేడ్ నెట్టు, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క, చక్రం కింద తొయ్యడానికి రెండు దుంగలు, టార్చిలైటు, గాలి చూసుకునే చిన్న మీటరు. మొక్కల మీద పట్టా కప్పితే లోపల ఉడికిపోతాయి, నెట్టు కప్పితే గాలీ ఆడుతుంది, ఎదురుగాలికి ఆకూ చిరగదు. పట్టా వానకే. స్టెపినీలో గాలుందో లేదో నెలకోసారి చూడండి. అవసరం పడిన రోజున అందరి స్టెపినీలూ చప్పగానే ఉంటాయి!

బరువు మాట కూడా చెప్పాలి. మొక్కే కదా అనుకుంటాం, సంచిలో ఎర్రమట్టి తడిస్తే రాయే. పొద్దున్న లోడెక్కించే ముందు నీళ్ళు పెట్టకుండా ముందురోజు సాయంత్రమే పెడితే బండికి ఎంతో తేలిక. మోతాదు మించితే ముందు కమాను కట్టలు కూచుంటాయి, తర్వాత టైర్లు, ఆ పైన బ్రేకులు. 2019లో సవరించిన చట్టం ప్రకారం ఎక్కువ బరువుకి 20,000 రూపాయల జరిమానా, మించిన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. ఒక ట్రిప్పు కలిసొస్తుందని చూసుకుంటే పది ట్రిప్పుల లాభం అక్కడ పోతుంది. గోదారి పొంగినప్పుడు నీళ్ళల్లో దిగి వస్తే వెనక గేరు పెట్టెలో ఆయిలు చూపించండి. మజ్జిగలా తెల్లగా వచ్చిందంటే నీళ్ళు చేరినట్టే, వెంటనే మార్చాలి.

టైర్ల కోసం ట్రిప్పుకి రెండొందలు తీసి మొదట్లో పోపుల పెట్టెలోనే దాచేదాన్ని. అది చూసి మా ఆయన నవ్వారు. ఇప్పుడు పోస్టాఫీసులో నెలనెలా కడుతున్నాను. నాలుగు టైర్లూ ఒకేసారి మార్చవలసి వచ్చినప్పుడు అప్పుకి వెళ్ళలేదు, అదీ సంగతి.

ఇంతకీ నేను బండి నడుపుతానా అని అడుగుతారేమో. నడుపుతాను. నలభై ఆరో ఏట నేర్చుకున్నాను. మొదట "కారు లైసెన్సు పనికి రాదు, సామాను బండికి వేరే రాయించాలి" అని భయపెట్టిన వాళ్ళున్నారు. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సందేహం తీర్చేసింది. 7,500 కిలోలు మించని బండి అయితే తేలికపాటి వాహనాల లైసెన్సు చాలు, వేరే రాయించక్కర్లేదంది. మా పికప్‌లాంటివి అందులో సగం కూడా ఉండవు. లోడుతో సహా మొత్తం బరువు 3,000 కిలోలు దాటనివాటికి పర్మిటూ అక్కర్లేదు. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు: ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటేటా.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. రెండేళ్ళ కిందట అంతర్వేది తీర్థానికి మా వీధి వాళ్ళు బండి అడిగారు. "ఇరవై మందిమి ఉన్నాం, వెనక గడ్డి పరుచుకుని కూచుంటాం, డీజిలు మేమే పోయిస్తాం" అన్నారు. కుదరదన్నాను. సామాను బండిలో మనుషుల్ని ఎక్కిస్తే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ పూచీ ఉండదు. ఎక్కించుకున్న సామాను తాలూకు యజమానో, అతని మనిషో అయితే 1994 సవరణ తర్వాత వాళ్ళ సంగతి వేరు. తీర్థానికి వెళ్ళేవాళ్ళు అందులోకి రారు. అంతకంటే ముందు, డాలా తలుపు గొళ్ళెం ఊడితే పడేది మనిషి, మొక్క కాదు. ఇది చెప్తే "ఇంత బండి పెట్టుకుని ఎంత పొగరు" అన్నారు. మూడు నెలలు ఇద్దరు వదినలు నాతో మాట్లాడలేదు. వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే పేరంటానికి రాలేదు. బాధ వేసింది, అబద్ధం ఎందుకు?

దీనికి ఎదురు ప్రశ్న వేసింది మా తోటలో పనిచేసే ఆవిడే. "మరి మాకు బస్సేదమ్మా? నాట్లకి వెళ్ళాలంటే ఎవరి బండి వస్తే దాన్నే ఎక్కుతాం" అంది. నిజమే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేదు, సంతోషమే. కాని తెల్లారకముందు చేలగట్టు దగ్గరికి ఏ బస్సూ రాదు. కూలికి పోయే తల్లి తప్పని నేననను. ముప్ఫై మందిని నిలబెట్టి తోలుకుపోయే బండి వాణ్ణీ, ఆ బండి ఆర్సీలో పేరున్న వాళ్ళావిణ్ణీ మాత్రం అడుగుతాను. ఆవిడికి తెలుసా ఈ పొద్దున తన పేరు మీద ఎంతమంది ప్రాణాలు వెళ్తున్నాయో?

మా తోటకి వచ్చే వాళ్ళకి ఆటో మాట్లాడాను, లెక్క ప్రకారం ఎంతమంది కూచోవాలో అంతమందికే. రెండు ట్రిప్పులు వేస్తాడు. ఖర్చు ఎక్కువే. మా ఆయన ఆ ఖర్చు గురించి ఇంకా సణుగుతూనే ఉన్నారు.

బండి అమ్మేటప్పుడు ఏం చెయ్యాలో మా చెల్లెలు ఇప్పుడు వల్లెవేసినట్టు చెప్తుంది. ఫైనాన్సు తీరాక వాళ్ళ దగ్గర కాయితం పుచ్చుకుని 35వ నంబరు ఫారంతో ఆర్సీలో వాళ్ళ పేరు తీయించాలి. 29, 30 ఫారాలు ఖాళీగా సంతకం పెట్టి ఇవ్వకూడదు, కొన్నవాళ్ళ పేరు రాశాకే పెట్టాలి. రాష్ట్రంలోనే అమ్మితే పద్నాలుగు రోజుల్లోగా రవాణా ఆఫీసుకి తెలపాలి. అన్నిటికీ నకళ్ళు ఉంచుకోవాలి. పేరు మారిందో లేదో మళ్ళీ చూసుకోవాలి. ఆఖరిదే దాన్ని ముంచింది.

కేసు ఇంకా నడుస్తోంది. కొన్నాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్ళాయన "నేను చూసుకుంటాలే" అంటున్నాడట, ఈసారి మాత్రం కాయితాల ఫైలు దాని దగ్గరే ఉంది. వచ్చే సోమవారం వాయిదాకి నేనూ తోడు వెళ్తున్నాను. రాజమండ్రిలో మొక్కలు దించాల్సిన పని ఎలాగూ ఉంది, పొద్దున్నే దాన్ని ముందు సీట్లో కూచోబెట్టుకుని వెళ్ళిపోతాం.